గంజితో అతికించిన ఆఖరి ప్రకరణం

మా అత్త పోయిందన్న సంగతి నాకు బస్సు కండక్టరు చెప్పాడు. పోయిన నెల ఒకనాడు పొద్దున పదకొండు గంటలప్పుడు, మహబూబ్‌నగర్‌లో మా బడి గేటు ముందర నారాయణపేట బస్సు ఆగింది. అది బస్సు ఆగే చోటు కాదు. కండక్టరు తలుపులో నిలబడి పిల్లలందరూ వినేలా కేకేశాడు.

"టీచరమ్మా, మీ అత్త పోయిందట. మీ మామ చెప్పి పంపిండు. మళ్ల గంటకు మా బస్సే వాపసు పోతది, తయారుగుండు."

నేను బడి మెట్ల మీదే కూర్చుండిపోయాను. అతను టిక్కెట్ల సంచీ సర్దుకుంటూ ఇంకో మాట కలిపాడు. "గా దయ్యాల పుస్తకం రాసినామెనే గదా? మంచి బుక్కమ్మా. ఆఖర్లనే ఆగమైంది."

ఆ పుస్తకం గురించి ఇంతకంటే సరైన విమర్శ నేనెక్కడా చదవలేదు. చదవడానికి అసలు ఎవరైనా రాస్తే కదా! ఆమె పోయిన వార్త ఏ పేపర్లోనూ రాలేదు. ఏ సభలోనూ ఎవరూ నిలబడి మౌనం పాటించలేదు. అందుకే ఇది నేను రాస్తున్నాను, కొంచెం దుఃఖంతో, చాలా కోపంతో. నా కోపం ఎవరికైనా ఎక్కువనిపిస్తే వాళ్లు ముందు ఆ నవల చదివి తర్వాత నాతో మాట్లాడవచ్చు.

ఆమె మా నాయినకు చెల్లెలు. నారాయణపేటలో నేతవాళ్ల వాడలో ఇల్లు. పొద్దున లేస్తే రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది. ఆ కండెలు నాడెలో, పోగుల మధ్య అటూ ఇటూ దూరే ఆ చెక్కలో, పెట్టుకుని మామ గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. ఆమె బడి మొహం చూసింది లేదు. మా తాత దగ్గర ఇసుకలో అక్షరాలు దిద్దింది, అంతే. రాసింది ఒకే ఒక నవల, 'ఎడమ పురి'. అందులో హత్య ఉంది, దయ్యం ఉంది, దొంగను పట్టే పరిశోధన ఉంది. డిటెక్టివ్ నవలలు చదివేవాళ్లు దయ్యం ఉందని దాన్ని పక్కన పెట్టారు. దయ్యాల కథలు చదివేవాళ్లు ఈ ఆరాలూ లెక్కలూ ఎందుకన్నారు. సాహిత్యం తెలిసినవాళ్లు రెండూ ఉన్నాయని ముట్టుకోనే లేదు. ముగ్గురూ కలిసి ఒక మంచి పుస్తకాన్ని వీధిలో నిలబెట్టారు. నేను బల్లగుద్ది చెబుతున్నాను, మా జిల్లా నుంచి అంత గుండె దడ పుట్టించే నవల ఇంకొకటి రాలేదు.

కథ చెప్పేస్తాను, ఆఖరి ప్రకరణం మాత్రం ఇప్పుడే కాదు. ఒక పల్లెలో నేతవాళ్ల ఇల్లు. ఆ ఇంటి చిన్నకోడలిది ఎడమచేతి వాటం. అత్తగారు ఆ చేతి మీద కొట్టి కొట్టి కుడిచేతికి అలవాటు చేయాలని చూసి తానే అలసిపోయింది. ఆడవాళ్లు కండెలు చుట్టాలి, మగవాళ్లే మగ్గంలో కూర్చోవాలి, అది ఆ ఇంటి కట్టుబాటు. కానీ చూసేవాళ్లు లేనప్పుడు ఆ పిల్ల మగ్గం గుంటలో దిగి నేసేది. ఆమె నేసిన చీరలతోనే ఆమె బావగారికి గొప్ప పనివాడన్న పేరొచ్చింది. ఆ సంగతి బయటపడబోతుందనగా ఆమె మాయమైంది. సోమవారం తగవు పెట్టుకుని పుట్టింటికి పోయిందని ఇంట్లోవాళ్లు చెప్పారు. పుట్టింటికి మాత్రం చేరలేదు. పోలీసు అమీను వచ్చి, చాయ తాగి, పారిపోయిందని రాసుకుని వెళ్లిపోయాడు. అప్పటి నుంచి రోజూ మిట్టమధ్యాహ్నం, ఇంట్లో అందరూ అన్నానికి కూర్చోగానే, ఖాళీ మగ్గం తనంతట తానే నడవడం మొదలవుతుంది. రోజుకు బెత్తెడు బట్ట నేసి ఆగిపోతుంది.

ఇక పరిశోధకుడు ఎవరనుకున్నారు? గాజులమ్మే ముసలమ్మ! ఏ ఇంట్లోనైనా లోపలి అర్ర దాకా పోగలిగేది ఆమె ఒక్కతే. ఊళ్లో ప్రతి ఆడమనిషి చెయ్యీ ఆమె పట్టుకుని చూసిందే. ఏ చేతి మీద వాత ఉందో, ఏ చెయ్యి వణుకుతోందో ఆమెకు తెలుసు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. ఆ ఇంటికి గాజులు వెయ్యడానికి పోయి, మగ్గం మీద నిలువుగా చాపిన పోగులను, ఆ పడుగును, చూస్తుంది. కొత్త పడుగు ఎక్కించేటప్పుడు పాత పడుగు కొసలకు కొత్త కొసలను ఒక్కొక్క పోగూ పురి పెట్టి అతుకుతారు, వేళ్లకు బూడిద అద్దుకుని. కుడిచేతివాళ్లు పెట్టే పురి ఒకవైపు తిరుగుతుంది. ఆ మగ్గం మీద ప్రతి పురీ రెండో వైపుకు తిరిగి ఉంది. ఆ పడుగు నూలు అద్దకమై ఆ ఇంటికి వచ్చింది మంగళవారం. మరి సోమవారమే పోయిన మనిషి మంగళవారం నూలును ఎట్లా అతికింది? ముసలమ్మ మగ్గం గుంటలోకి తొంగి చూస్తుంది. అడుగు కొత్తగా అలికి ఉంది.

చంపినవాడు బావ. అది తేలిపోతుంది. తేలనిది ఒకటే, మగ్గాన్ని నడుపుతున్నది ఎవరు?

నేను కొత్తగా టీచరునై నారాయణపేట ఆడపిల్లల బడికి వచ్చినప్పుడు మూడేళ్లు వాళ్లింట్లోనే ఉన్నాను. ఆ మూడేళ్లలోనే ఆమె ఈ నవల రాసింది. పెన్సిలు కొప్పులో గుచ్చుకునేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక రాట్నాన్ని పక్కకు జరిపి, ఆ జాగాలోనే నోటుబుక్కు పెట్టుకునేది. ఆమెదీ ఎడమచేతి వాటమే. ఎడమచేత్తో రాస్తుంటే అరచెయ్యి అంచు వెనకాలే వచ్చి రాసినదాన్నంతా పులిమేసేది. ఏ కాయితమైనా ఆమెదని ఆ మరకతోనే తెలిసిపోయేది. కథ ఎక్కడైనా ఆగిపోతే దయ్యాన్ని తిట్టేది. "ఇయ్యాల వస్తలేదు గీ పిల్ల. అలిగింది," అని మామకు చెప్పేది. మామ మగ్గం ఆపకుండానే తలూపేవాడు. ఆయన మాట్లాడింది తక్కువ, నేసింది ఎక్కువ.

నాకు ఆ మిట్టమధ్యాహ్నపు దయ్యం నచ్చలేదు. "దయ్యం రాత్రి వస్తేనే గదా అత్తా భయం?" అని అడిగాను.

"రాత్రి దొంగలు గూడ వస్తరు," అంది. "పట్టపగలు ఇంట్ల మనిషి మాయమైంది. అందరు చూసిండ్రు, ఒక్కరు అడుగలె. గంతకంటె భయం ఏముంటది బిడ్డా?"

ఇంకోసారి, దయ్యం ఎట్లా ఉంటుందో కొంచెం వర్ణించమన్నాను. జుట్టు విరబోసుకునో, తెల్లచీర కట్టుకునో, ఏదో ఒకటి. "దయ్యాన్ని చూపియ్యొద్దు. దాని పని చూపియ్యాలె," అంది. ఆ సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. మామ మగ్గం ఖాళీగా ఉంది. నేను చెప్పులు విడవకుండానే బయటికొచ్చి, వాళ్లు వచ్చేదాకా అరుగు మీదే కూర్చున్నాను. ఉత్త పెన్సిలుతో రాసిన నోటుబుక్కు ఒక చదువుకున్న మనిషిని అంత పని చేసింది.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. నవల సగమయ్యాక ఆమె నాకు నోటుబుక్కులు ఇచ్చి, "అక్షరాలు తప్పుంటె చూడు బిడ్డా," అంది. నేను అక్షరాలతో ఆగలేదు. ఎర్రసిరా కలం పట్టుకుని మొత్తం దిద్దాను. గాజులమ్మ 'గిట్ల' అన్న ప్రతిచోటా 'ఇలా' అని, 'పోతాంది' అన్న ప్రతిచోటా 'వెళ్తోంది' అని రాశాను. ట్రైనింగు కాలేజీలో నేర్చుకున్న భాష అంతా ఆ ముసలమ్మ నోట్లో కుక్కాను. మహోపకారం చేశాననుకుని ఇచ్చాను.

అత్త ఒక పేజీ తీసి మామకు వినపడేలా చదివింది. మామ మగ్గం ఆపాడు. ఆయన మగ్గం ఆపడమంటే మామూలు సంగతి కాదు.

"ఎవలు మాట్లాడుతున్నరు?" అన్నాడు. "పక్కింట్లకు ఎవలన్న కిరాయికి వచ్చిండ్రా?"

అత్త పడీపడీ నవ్వింది. నాకు మాత్రం మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె ఒక్కమాట కూడా నన్ను అనకుండా, ఎర్రసిరా పడిన పేజీలన్నీ మళ్లీ మొదటి నుంచి రాసుకుంది. రాయడం అయ్యాక అంది, "నువ్వు బడిల చెప్పే భాష మంచిదే. కని గా భాషల మా గాజులమ్మ దొంగను పట్టలేదు బిడ్డా." ఆ తర్వాత రాసిన నోటుబుక్కులు నా చేతికి ఇవ్వలేదు.

మద్రాసులో చిన్న నవలలు అచ్చువేసే ఒకాయనకు పంపింది. ఆయన జవాబు మర్యాదగానే ఉంది. కథ బాగుందట. కాకపోతే భాష అందరికీ అర్థమయ్యేలా మార్చాలట. గాజులమ్మే ముసలమ్మ బదులు ఒక చురుకైన యువకుడు ఉండాలట. చివరికి దయ్యం లేదని తేల్చాలట, లేకపోతే పాఠకులకు మోసం చేసినట్టవుతుందట. అంటే ఇల్లు బాగుంది కానీ గోడలూ కప్పూ తీసేయమన్నాడు. అత్త కార్డు మీద నాలుగు ముక్కలు రాసింది. ఆ కార్డు పోస్టు డబ్బాలో వేసింది నేనే కాబట్టి ఇప్పటికీ గుర్తుంది. "గాజులమ్మ ఉంటది. మగ్గం నడుస్తది. అచ్చేస్తే వెయ్యిండ్రి, లేకుంటె వాపసు పంపుండ్రి, మాకు కాయితాల కరువున్నది."

ఆరు నెలలకు అచ్చయిన పుస్తకాలు వచ్చాయి. భాషను సగం దిద్దారు, సగం దిద్దలేక వదిలేశారు. ముసలమ్మ అట్లాగే ఉంది, పడుగు అట్లాగే ఉంది. అత్త గడప మీద కూర్చుని తలెత్తకుండా చదివింది. ఆఖరి ప్రకరణానికి వచ్చాక పుస్తకం మూసింది.

ఆ ప్రకరణం ఆమెది కాదు. దాంట్లో నల్లకళ్లద్దాల కుర్రవాడొకడు సిగరెట్టు కాలుస్తూ కారు దిగుతాడు. కథలో అంతదాకా వాడి జాడే లేదు. వచ్చీరాగానే ఇంటి కప్పులో దాచిన తాడు బయటికి లాగి, ఈ తాడుతోనే బావ పైనుంచి మగ్గాన్ని నడిపి జనాన్ని భయపెట్టాడని తేల్చేస్తాడు. అందరూ చప్పట్లు కొడతారు. గాజులమ్మ 'ఒక వృద్ధురాలు'గా మారి దండం పెడుతుంది. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదే.

నేను అదంతా మామకు చదివి వినిపించాను. ఆయన గట్టిగా నవ్వడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. "తాడుతోని మీదికెల్లి గుంజుతడా! మరి కాళ్లెవలియి?"

గుంట మగ్గం తెలియనివాళ్లకు చెప్పాలి. నేసేవాడు గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాడు. అడుగున ఉన్న చెక్కలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కితేనే పడుగు రెండుగా విచ్చుకుంటుంది. విచ్చుకుంటేనే నాడె దూరుతుంది. కాళ్లు లేనిదే మగ్గం లేదు. పైనుంచి ఎన్ని తాళ్లు లాగినా బెత్తెడు కాదు, ఒక్క పోగు నేత పడదు. ఈ సంగతి మా వాడలో నడక రాని పిల్లలకు కూడా తెలుసు. వారం రోజులు వాడంతా ఇదే మాట. ఎవరైనా నమ్మరాని కబురు చెబితే, "కాళ్లెవలియిరా?" అని అడగడం మొదలుపెట్టారు.

అత్త మాత్రం నవ్వలేదు. "దయ్యం అబద్ధమన్నరు, ఊకుంట. మగ్గాన్ని అబద్ధం జేసిండ్రు, ఊకోను," అంది.

మద్రాసుకు రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు. నోటుబుక్కులు తిరిగి రాలేదు. అప్పుడు ఆమె ఒక నిర్ణయం తీసుకుంది. ఆ ప్రకరణం ఆమెకు కంఠతా వచ్చు. తెల్లకాయితాల మీద మళ్లీ రాసింది, అచ్చుపేజీ కొలతకు కత్తిరించింది. మామ పడుగుకు పెట్టే గంజి చిక్కగా కాచి ఇచ్చాడు. మా ఊరి గ్రంథాలయానికి పోయి, ఆ నల్లకళ్లద్దాల కుర్రవాడి మీద తన కాయితాలు ఒక్కొక్కటీ పరిచి అతికించింది.

ఆ తర్వాత ప్రతి వానాకాలం ఇదే పని. వాన ముసురు పట్టిందంటే వీధిలో పడుగు చాపి గంజి పెట్టడం కుదరదు, మగ్గాలు ఖాళీ. చీరల మూటలెత్తుకుని ఊరూరా తిరిగే బేరగాళ్లు ఫలానా ఊళ్లో మీ పుస్తకం చూశామని చెప్పేవాళ్లు. ఆ కబురందితే చాలు, అత్తా మామా బస్సెక్కేవాళ్లు. ఒక సంచీలో కాయితాలు, ఒక చెంబులో గంజి. తిరుమలగిరి పోయారు, నందికొండ పోయారు, నేను పేరు కూడా వినని ఊళ్లకు పోయారు. ఒకచోట గ్రంథాలయం సారు అడ్డుపడ్డాడట, ఇది గవర్నమెంటు పుస్తకం, గిట్ల అతకొద్దని. "పుస్తకం నాది సారూ. నీ దగ్గరున్నది, గంతే," అందట అత్త. మామ ఈ సంగతి చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోయేది.

నాకు సిగ్గేసింది. దాచుకోను, సిగ్గేసింది. తోటి టీచరు ఒకామె, "మీ అత్త లైబ్రరీలల్ల పోస్టర్లు అంటిస్తున్నదట గదా," అని అందరి ముందూ అంది. ఆ రోజు ఇంటికొచ్చి, "ఇగ చాలియ్యి అత్తా, నలుగురు నవ్వుతున్నరు," అన్నాను.

"నవ్వనియ్యి. చదివి నవ్వమను."

"సరే, నేనే చదువుత. నాకొకటి రాసియ్యి మరి."

ఆమె రాట్నం తిప్పుతూనే నావైపు చూసింది. "నువ్వు దిద్దుతవు బిడ్డా. చదివెటోళ్లకు ఇస్త."

నవ్వుతూనే అంది. కోపంతో అని ఉంటే నేనూ కోపం తెచ్చుకునేదాన్ని. ఆ నవ్వు నన్ను ఇన్నేళ్లూ గుచ్చుకుంటూనే ఉంది. తర్వాత నాకు మహబూబ్‌నగర్ బదిలీ అయింది. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆమె సజ్జరొట్టెలు చేసి పెట్టేది, కబుర్లు చెప్పేది. ఆ ప్రకరణం మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మా ఊరి గ్రంథాలయంలోకి నడిచిపోయి ఆ నాలుగు పేజీలు చదివి రావచ్చు. పౌరుషం అడ్డొచ్చింది. చేతికిస్తేనే చదువుతానని భీష్మించుకున్నాను.

ఆమె రెండు రోజుల జ్వరంతో పోయింది. దవాఖానకు పోదామని మామ బండి మాట్లాడి వచ్చేలోపే అయిపోయింది. నేను చేరేసరికి కొప్పులో పెన్సిలు ఇంకా అట్లాగే ఉంది. ఎవరూ తీయడానికి సాహసించలేదు. నేనే తీశాను.

దినాలు అయిపోయాక మామను అడిగాను, అత్త రాసిన ఆఖరి ప్రకరణం ఇంట్లో ఎక్కడుందని.

"ఇంట్ల ఏడున్నది? దానికి నోటికొచ్చు. ఎప్పటికప్పుడు రాసుడు, పట్టుకపోయి అతుకుడు."

"నువ్వు విన్నవు గదా మామా, చెప్పు."

"రాస్తప్పుడు చదివేది. కని నేను మగ్గం మీదుంటి. సగం చప్పుడుల కొట్టుకపోయింది." నుదురు రుద్దుకుని గుర్తు తెచ్చుకున్నాడు. "దొంగ దొరికినంక గాజులమ్మ మళ్ల గా ఇంటికి పోతది. గంత వరకే ఎరుక బిడ్డా."

అప్పుడు నాకు భయమేసింది. ఆ నవల ముగింపు తెలిసిన మనిషి లేదు. ఉన్నవి ఆ అతికించిన కాయితాలే. వెంటనే మామను తీసుకుని మా ఊరి గ్రంథాలయానికి పోయాను. పుస్తకం తెరిస్తే చివరి పేజీలన్నీ పురుగులు తిని జల్లెడ. వేలు పెడితే పొడి రాలింది. ఆ పులిమిన అక్షరాల్లో ఒక్క మాట కూడా పూర్తిగా మిగల్లేదు. ఆ పురుగులు కింద ఉన్న మద్రాసు కుర్రవాణ్ణి కూడా వదల్లేదు, అందుకు మాత్రం వాటికో దండం.

మామ ఆ పొడిని వేలి కొసన అద్దుకుని చూశాడు. "గంజి," అన్నాడు. "మా తప్పే. బట్టకు పెట్టే గంజి పెడితిమి, పురుగుకు అన్నం పెట్టినట్టయింది. చీరనైతె ఉతికితె గంజి పోతది. పుస్తకాన్ని ఎవలు ఉతుకుతరు?"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గంజితో బతికిన మనుషులకు ఇంకే బంక తోస్తుంది! నేను సెలవు పెట్టాను. మేమిద్దరం బస్సులు మారి మారి తిరిగాం. ఒక ఊళ్లో పుస్తకమే లేదు. ఇంకో ఊళ్లో చివరి పేజీలను ఎలుకలు కొట్టేశాయి. తిరుమలగిరిలో కప్పు కారి, పుస్తకం అట్టలతో సహా ముద్దయిపోయింది. అక్కడ బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. ఇన్నేళ్లు ఊరి పిల్లలందరికీ చదవడం నేర్పాను, నా ఇంటి మనిషి రాసిన నాలుగు పేజీలు చదవలేకపోయాను. మామ నా భుజం మీద చెయ్యి వేశాడు. పేపరు చదువుకుంటున్న ఒక ముసలాయన సంగతేమిటని అడిగి, "నందికొండల చూసిండ్రా?" అన్నాడు. "మా కోడలు ఆడ్నే డ్యాం పనిల ఉండె. ఆడోళ్లు కూసొని చదివిపిచ్చుకునేటోళ్లట గా పుస్తకం."

నందికొండలో డ్యాం పనివాళ్ల క్వార్టర్ల మధ్య చిన్న రేకుల గది, అదే చదువుకునే గది. అటెండరు బీరువాలో వెతికి, పాత పేపరుతో అట్టవేసిన పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేను చివరి పేజీలు తెరిచాను. కాయితాలు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. గంజి లేదు. నూలుదారంతో కుట్టారు.

ఒక్క చూపులోనే తెలిసిపోయింది, అవి అత్త రాసినవి కావు. ఎక్కడా పులిమిన మరక లేదు. ఒక పేజీ ఊదాసిరాతో ఉంది, ఒకటి పెన్సిలుతో. ఒకటి అప్పుడే అక్షరాలు నేర్చుకున్న మనిషి రాసినట్టు పెద్దపెద్దగా, వంకరగా ఉంది. ఏ రెండూ ఒక చేతివి కావు.

"ఇవి ఎవరు రాసిండ్రు?" అని అడిగాను.

"పురుగు పట్టబట్టె అమ్మా, దులిపితె రాలబట్టె," అన్నాడు అటెండరు. "పోతదేమోనని గీ క్వార్టర్ల ఆడోళ్లు తలా ఒక పేజీ రాసుకొచ్చి కుట్టిండ్రు. ఒక్కసారి గాదు, రెండుసార్లు; మొదటియి చదివి చదివి చినిగినయి. ఉన్నదున్నట్టు రాసిండ్రు, ఒక్క మాట మార్చలె. మారిస్తె మిగిలినోళ్లు ఒప్పుకోరు."

మంచి పుస్తకాల జాబితాలు రాసే పెద్దలారా, ఇది వినండి. రాళ్లు మోసే చేతులు మీరు ఆకాశానికెత్తిన ఏ పుస్తకం కోసమైనా ఇట్లా కలం పట్టాయా? మీరు మెచ్చకపోతే మెచ్చకపోయారు. మా అత్తకు మీ మెప్పు బాకీ లేదు.

నేను మామకు దగ్గరగా కుర్చీ జరుపుకుని పైకి చదివాను. ఊదాసిరా పేజీలో ఒక ఒత్తు తప్పుంది. నా సంచీలో ఎర్రకలం ఉంది. తీయలేదు.

బావను పోలీసులు పట్టుకుపోయాక ఆ ఇంట్లోవాళ్లు తాళం వేసి ఊరొదిలి పోతారు. గాజులమ్మ మిట్టమధ్యాహ్నం ఒక్కతే ఆ ఇంటికి వస్తుంది. కిటికీలో నుంచి మగ్గం చప్పుడు వినిపిస్తూంటుంది. ఆమె పారిపోదు, మంత్రం చదవదు. తాళం పగలగొట్టి లోపలికి పోయి, గుంట ఒడ్డున కూర్చుని గాజుల మలారం మూట విప్పుతుంది. "చెయ్యియ్యి బిడ్డా," అంటుంది. "ఎడమ చెయ్యే ఇయ్యి. ఇగ ఎవ్వరు కొట్టరు." మగ్గం ఆగుతుంది. ముసలమ్మ ఒక పచ్చగాజు తీసి, చేతిని మెత్తగా పిసికినట్టు వేళ్లు కదిపి, ఆ ఖాళీలోకి గాజు ఎక్కించి, తన చెయ్యి వెనక్కి తీసుకుంటుంది.

పెద్దపెద్ద వంకర అక్షరాలతో చివరి వాక్యం ఉంది. "గాజు కింద పడలె."

అంతే. నవల అక్కడితో అయిపోయింది. బయట మండుటెండ, లారీల రొద, పిల్లల అరుపులు. మామ తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "గిదా," అన్నాడు, "నేను మగ్గం ఆపి వినంది."

నేను ఆ నాలుగు పేజీలూ నా నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. ఆ తప్పు ఒత్తుతో సహా, ఒక్క అక్షరం దిద్దకుండా. రాయడం ముగించి తలెత్తేసరికి గుమ్మంలో ఒకామె నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. కుడి చంకలో పసిపిల్ల.

"అయిందా అమ్మా?" అని అడిగింది. "జర ఇటియ్యి, మావోళ్లు ఎదురుచూస్తున్నరు."

ఎడమ చెయ్యి చాపింది. మోచేతి దాకా గాజులున్నాయి. నేను లేచి పోయి, పుస్తకం ఆ చేతిలో పెట్టి, వదిలాను.